మామగారు రంగు తిరిగారు

పక్షవాతంతో మంచాన పడ్డ మా మామగారికి ఒళ్ళు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతుంటాం. ఈ రోజు మధ్యాహ్నం తిప్పబోతే ఎడమ తుంటి దగ్గర ఎర్రగా కనిపించింది. ఆసుపత్రి నర్సమ్మ చెప్పినట్టు వేలితో నొక్కితే తెల్లబడి, మళ్ళీ ఎర్రబడింది. అంటే ఫర్వాలేదన్నమాట. వరండాలోకొచ్చి, ఆగిరిపల్లి మామిడి తోటలో ఉన్న మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఎడమ పక్క రంగు తిరిగిందండీ. నొక్కి చూశాను, ఇంకా ముదరలేదు. రెండో పక్కకి తిప్పి పెట్టాను."

గోడ మీంచి పక్కింటి పిన్నిగారి తల లేచింది.

"నొక్కకూడదమ్మాయ్, మచ్చ పడిపోద్ది! రంగు తిరిగిందంటే రెండ్రోజుల్లో పండిపోద్ది. గడ్డి కప్పి ఉంచు. చిన్న రసాలేనా? మాకో డజను తీసి పెట్టు."

నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి మామగారి కేక.

"నేనింకా పచ్చికాయనేనని చెప్పమ్మా! అంత తొందరైతే ఆవకాయ పెట్టుకోమను!"

పిన్నిగారి తల గోడ వెనక్కి దిగిపోయింది. సాయంత్రం నిజం రసాలే ఓ బుట్టెడు పంపాను. ఆవిడ వాటిని నొక్కి చూసుకుంటుందంటారా, మీరే చెప్పండి?