సీతాలు మెడలో కంటె

నెల్లిమర్లలో చేపలమ్మే జగ్గమ్మ, గంప దించిన ఇంట్లో పంజరం కనబడితే బేరం మరిచిపోతుంది. చేప మొప్ప ఎత్తి చూసే చేత్తోనే చిలక రెక్క ఎత్తి చూస్తుంది. భుజాన ఎర్రమచ్చ ఉంటే పెద్ద జాతి, లేకుంటే మామూలు రామచిలక. మెడ చుట్టూ నలుపూ గులాబీ కలిసిన గీత, అదే కంటె, ఉంటే మగది, లేకుంటే ఆడది. ఆమె చెప్పాక ఎవరూ మారుమాట్లాడరు. ఆ లెక్కనే తన చిలకకు సీతాలని పేరుపెట్టి రెండేళ్లు గారాబం చేసింది. మూడో ఏట సీతాలు మెడలో కంటె పొడిచింది. జగ్గమ్మ పగలబడి నవ్వి, ఆ రోజు గంపలో చేపలకు బదులు పంజరం పెట్టుకుని, తాను తీర్పు చెప్పిన ఇల్లిల్లూ తిరిగింది.

“నా మాట తప్పైపోనాది, సూడండమ్మా. మగదానికైనా కంటె మూడో ఏటే పొడుస్తాది. మీ పిల్ల సిలకల్ని అందాకా సూసి పేరెట్టండి.”

“మరి దీని పేరు మారుస్తావా?” అని ఆఖరింటి హేమ అడిగింది.

“మార్సడమెందుకమ్మా? ఈడు సీతాలంటేనే పలుకుతాడు.”