లాక్కున్న సీసా

అందరూ ఆమెను చుక్కలక్క అంటారు. పసిపిల్లలకు చుక్కల మందు ఎలా వెయ్యాలో తను పనిచేసే మందుల షాపులో ఒకటికి నాలుగుసార్లు ఓపిగ్గా చెబుతుంది కనక ఆ పేరు. నలభై ఒక్కేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. ఫార్మసీ కోర్సు పాసైంది, షాపులో ఏడాది శిక్షణ ముగించింది, రాతపరీక్ష కూడా గట్టెక్కింది. ప్రాక్టికల్ దగ్గరే రెండుసార్లు బోల్తా పడింది. మూడోసారీ తప్పితే ఏడాది శిక్షణ మళ్లీ మొదటినుంచి చెయ్యాలట! ఫార్మసిస్టుల రిజిస్టర్లో పేరెక్కేదాకా లైసెన్సున్న మనిషి పక్కన నిలబడి చూస్తుంటే తప్ప ఒక్క మాత్ర కూడా ఇవ్వడానికి లేదు.

"ఈసారీ పోతే ఇక నావల్ల కాదండీ," అంది పరీక్ష రోజు పొద్దున్న భర్తతో.

"పోదులేవే. ముందు రెండు ముద్దలు తిని వెళ్లు, కళ్లు తిరిగి పడిపోగలవు."

పరీక్ష గదిలో ఒక బల్ల, దాని వెనక మందుల అలమర. బల్లకు అవతల, రోగి వేషంలో పరీక్షాధికారి. పెద్దావిడ. వేషమంటే మామూలు వేషమా! "త్వరగా ఇవ్వమ్మా, బస్సు వెళ్లిపోతోంది," అంటూ బల్ల మీద వేళ్లతో టకటకలాడించేస్తోంది. అలాంటివాళ్లను రోజుకు పాతికమందిని చూసే చుక్కలక్క ఆ రోజు మాత్రం కంగారుపడిపోయింది.

చీటీలో కంటి చుక్కలు రాసున్నాయి. సీసా తీసింది, ఎన్ని చుక్కలో ఎన్ని పూటలో చెప్పింది, చేతిలో పెట్టింది. ఆవిడ సంచిలో వేసుకోబోతుండగా సీసా మీద అచ్చు కంటపడింది. చెవి చుక్కలు! వాళ్ల షాపులో కంటివి కుడివైపు అరలో ఉంటాయి, ఇక్కడ ఎడమవైపు పెట్టారు. పాడు చెయ్యి, అలవాటు కొద్దీ కుడివైపుకే పోయింది.

ఊరుకుంటే ఆవిడ గమనించకపోవచ్చు. చెబితే పరీక్ష తప్పినట్టే. ఈ ఆలోచన పూర్తయ్యేలోపే ఆమె చెయ్యి ముందుకు వెళ్లిపోయింది.

"ఇలా ఇచ్చెయ్యండి!" అని సీసా లాగేసుకుంది, ఆవిడ వేలికి గోరు గీసుకుపోయేలా. "తప్పు మందిచ్చానండీ. ఇది చెవిది. కంట్లో వేసుకుంటే భగ్గుమంటుంది."

"అవతల నా బస్సు పోతుందమ్మా!"

"పోనీండి. ఇంకోటి వస్తుంది."

సరైన సీసా తీసి, పేరు పైకి రెండుసార్లు చదివి మరీ ఇచ్చింది. బయటికొచ్చి వరండా బెంచీ మీద కూలబడి ఫోన్ చేసింది. "పోయిందండీ," అంది భర్తతో.

సాయంత్రం గుమాస్తా పాసైనవాళ్ల జాబితా అంటించాడు. చూడకుండా వెళ్లిపోదామనుకుంది గానీ మనసూరుకోలేదు. తన నంబరు ఉంది! గుమాస్తా వేలు పెట్టి చూపించినా నమ్మకం కుదరక, మెట్లు దిగుతున్న పెద్దావిడకు అడ్డంపడింది.

"అమ్మా, నేను తప్పు మందిచ్చాను కదండీ?"

"ఇచ్చావు. మార్కులు కోసేశాను కూడా. కానీ తప్పు మందు గడప దాటితేనే ఫెయిలు. పొద్దుటినుంచి నలుగురు నాకు తప్పు మందిచ్చారు తల్లీ. వెనక్కి తీసుకున్నదానివి నువ్వొక్కదానివే."

హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. మళ్లీ ఫోన్ తీసి, "ఏమండీ, పాసయ్యాను," అంది. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూస్తున్నా సరే, సిగ్గుపడకుండా, హాయిగా, తనివితీరా ఏడ్చింది.