సేతులు పట్టేంత తెర

మా సెల్లెలు శాంతమ్మకు పుట్టినప్పటి నుంచి సెవులు ఇనపడవు, మాట రాదు. అయితే మనుషులకు పేర్లు పెట్టేదాంట్లో దాన్ని మించినోళ్ళు మా కోసిగిలో లేరు. నోటితో గాదు, సేతుల్తో. దాని మొగుడు బసన్న అంటే మీసం మెలేసినట్లు సూపిస్తాది. కూతురు వనజ అంటే ముక్కుపుడక తాకుతాది. దాని అక్క సుంకులమ్మ అంటే, అంటే నేనే, సూపుడేలు పైకెత్తి బెదిరిచ్చినట్లు ఆడిస్తాది. నా నోరు అట్లాంటిది. నోరు మంచిదైతే ఊరు మంచిదని నాకు సెప్పనోళ్ళు లేరు, నేను ఇన్నదీ లేదు.

మావి పక్కపక్క ఇండ్లు. వానలు సరిగా పడని ఏడు మిరపకాయలు తెంపేకి గుంటూరు దిక్కు పోతాము. సాళ్ళో శాంతమ్మ పక్కన నిలబడితే ఎంత మొగోడైనా ఎనకబడాల్సిందే. ఊర్లో ఉంటే పాత సీరెలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుడతాది. మా వీధిలో పుట్టిన బిడ్డలంతా దాని బొంతల మీద పొర్లినోళ్ళే.

నాలుగేండ్ల కింద బసన్న బెంగళూరులో బిల్డింగు పనికి పోయి మూడో అంతస్తు మీద నుంచి పడినాడు. పానం పోయిందని నాకు ఫోనొచ్చింది. ఆ మాట దానికి సెప్పేకి నాకు సెయ్యి లేయలే. కాలు ఇరిగింది, కట్టు కట్టి తీసుకొస్తాండారు, నువ్వు పోవద్దు అని సూపించినా. అది నమ్మలే. పక్కింటోళ్ళ ఫోనులో బసన్న నగుతాండే ఫోటో ఉంటే అది సూపించి, సూడు, బాగుండాడు అన్నా. అప్పటికీ నమ్మకపోతే దాని నెత్తి మీద సెయ్యి పెట్టి ఒట్టేసినా. ఆ పొద్దు అన్నం తినింది. మరుసటి దినం అంబులెన్సు మా వీధిలోకి వచ్చింది.

నన్ను అది ఏమీ అనలే. ఒక్కటే, ఆ పొద్దటి నుంచి నా సెయ్యి దాని తల మీద పడనియ్యదు. అంతకు ముందు ఆదివారం వచ్చిందంటే దానికి నూనె పెట్టి జడేసేది నేను. ఇప్పుడు సేతులు ఎనక్కి ఇరుసుకొని అదే పెట్టుకుంటాది. నేను ఫోనులో ఇని ఏ కబురు సెప్పినా, నాలిక మీద ఏలు పెట్టి ఆ ఏలు ఇదిలిస్తాది. అబద్ధం అని. తప్పు నాదే గదా, ఏమంటాను. నా బతుకులో నేను నోరెత్తనిది ఒక్క దాని ముందరనే.

వనజా, దాని మొగుడు వీరన్నా బెంగళూరులోనే పనిజేస్తాండారు. పిల్ల కడుపుతో ఉంది. సిన్న ఫోనులో మొగం పడితే సేతులు పడవు, సేతులు పడితే మొగం పడదు, మా అమ్మతో మాట్లాడాలంటే రెండూ కావాలని వనజ ఒక పాత ట్యాబు కొనింది. ఆడనే ఒక సిమ్ము తీసుకొని దాంట్లో ఏసి, వీడియో కాలు అంతా సరిజేసి, ఉగాదికి ఊరికొచ్చే వాళ్ళ సేతికిచ్చి పంపించింది. ఆడ బంగారంగా పనిజేసిందంట. ఈడ తెరిస్తే సిగ్నల్ గీతలు నిండుగా ఉండాయి, నెట్టు మాత్రం రాదు. గుండ్రంగా తిరుగుతాది, తిరుగుతాది, ఆగిపోతాది. కానుపుకు ఇంకా రెండు నెలలు ఉంది గదా, నిదానంగా సూపిస్తాంలే అని బొంతల మీద పెట్టేసినాం.

సోమవారం పొద్దున నా బటన్ల ఫోనుకు వీరన్న చేసినాడు.

"అత్తా, వనజకు కానుపయింది. నెలలు నిండకనే ఆడబిడ్డ పుట్టింది, అద్దాల పెట్టెలో పెట్టినారు. ఇద్దరి పానానికీ భయం లేదని డాక్టరమ్మ సెప్పింది. మీరు మాత్రం ఇప్పుడే రావద్దండి. తల్లిని తప్ప ఎవరినీ లోపలికి ఇడ్సరు" అన్నాడు.

ఉన్నదున్నట్లు శాంతమ్మకు సూపించినా. బిడ్డ అన్నప్పుడు దాని కండ్లు మెరిసినాయి. పోవద్దంట అన్నాక మొగం నల్లబడిపోయింది. బసన్నప్పుడు కూడా నేను పోవద్దనే సెప్పింటి గదా. నాలిక మీద ఏలు పెట్టి ఇదిలించింది.

అంగడి ఉచ్చీరప్ప మంచోడు, తన ఫోను ఇచ్చినాడు. వీరన్న ఫోటో పంపించినాడు, వనజ మంచం మీద పండుకోనుండేది. శాంతమ్మ ఆ ఫోనును తోసేసింది. ఫోటోతో ఒకసారి మోసపోయింది గదా. సరే, వీడియో కాలు చెయ్యమంటే బొమ్మ వచ్చీ రాకనే బిగుసుకొని నిలబడిపోయింది. కదలని వనజ మొగం సూసి అది పెట్టిన అరుపు ఇంకా నా సెవుల్లోనే ఉంది. మాట రానోళ్ళ అరుపు ఇన్నోళ్ళకు తెలుస్తాది.

అప్పటి నుంచి అది ముద్ద ముట్టలే. మంగళవారం సాయంత్రం, పుట్టబోయే బిడ్డకని కుట్టిపెట్టిన సిన్న బొంతను సంకలో పెట్టుకొని రైల్వే స్టేషన్ దిక్కు నడిచింది. అక్షరం రాదు, మాట రాదు, బెంగళూరులో దిగి ఎవరిని ఏమని అడుగుతాది? ఎంటపడి సెయ్యి పట్టుకొని ఎనక్కి తెచ్చినా. కదిలే వనజను కండ్లతో సూసేదాకా అది నిలబడదు. ఈసారి ఆపినా, రేపు నేను నిద్దరపోయినప్పుడు పోతే నేనేం చేసేది?

బుధవారం ట్యాబు తీసుకొని ఇద్దరం ఎమ్మిగనూరు పోయినాం. సెల్లు అంగడాయన ఒకడు రీచార్జి అయిపోయింది అన్నాడు. ఏపించినాం. రాలే. ఇంకొకడు అటు తిప్పి ఇటు తిప్పి, సిమ్ము కూర్చునే జాగా సెడిపోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. ఇద్దరినీ కడిగి ఆరేసినా. దాంతో నెట్టు వస్తాదా ఏమన్నా.

బేస్తవారం ఆదోని. పత్తి లారీలు పోయే రోడ్డు పక్కన మద్దయ్య అనే ఆయన ఫోన్లు బాగుచేసే సిన్న బంకు పెట్టుకోనుండాడు, ఆయన దగ్గరికి పొమ్మని బస్సులో ఒకామె సెప్పింది. పోయి సూస్తే యాభై ఏండ్ల మనిషి, ముక్కు మీద నుంచి అద్దాలు జారతాంటే ఏలితో ఎగదోసుకుంటాండాడు. ఉరుకులేదు, పరుగులేదు. ట్యాబు పక్కన పిన్ను పెట్టి పొడిసి సిమ్ము బయటికి తీసినాడు. గుడ్డతో తుడిసినాడు, మళ్ళా ఏసినాడు. ప్యాకు ఉందా లేదా సూసినాడు. అప్పుడు తలెత్తి,

"అక్కా, ఈ సిమ్ము యాడ తీసుకున్నారు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మూడు దినాల నుంచి తిండిలేని సెల్లెలు పక్కనుంది, ఈయనకు విచారణ కావాల్సొచ్చింది.

"యాడ తీసుకుంటే నీకేంటికప్పా? దొంగలించుకొచ్చినామా? సేతనైతే చెయ్యి, లేకుంటే లేదను. ఎమ్మిగనూరులో ఇద్దరిని సూసొచ్చినా, నువ్వు మూడోవాడివి."

ఆయన కోపం తెచ్చుకోలే. "దొంగతనం అనలేదక్కా. బెంగళూరులో గాని తీసుకున్నారా అని."

"అవును. అయితే ఏమి?"

"నేను ఎనిమిదేండ్లు ఆడ పెయింటు పని చేసొచ్చినాను. నా ఫోనూ ఇట్లనే ఏడిపిచ్చింది. ఆడుంటే పనిజేసేది, బస్సు ఆంధ్రాలోకి రాంగానే నెట్టు పోయేది. ఇది కర్ణాటక సిమ్ము. మీకు ఇది సొంతూరు, దానికి పరాయి రాష్ట్రం. మనం ఆడికి పోతే వలసోళ్ళని సూడరా, దీన్నీ ఈడ అట్లే సూస్తాండారు."

ముప్పై ఏండ్ల నుంచి మూటలు కట్టుకొని ఊర్లు తిరిగేదాన్ని, నాకు ఇది తోచలే సూడు.

సెట్టింగుల్లోకి పోయినాడు. నాకు కూడా తెలియాలని ట్యాబు నా దిక్కు తిప్పి, నిదానంగా సూపించినాడు. మొబైల్ డేటా అని ఒకటుంది, అది ఎలిగే ఉంది. దాని కింద రోమింగ్ అని ఇంకొకటుంది. అది ఆరిపోయి బూడిద రంగులో ఉంది. "ఇదే అక్కా. ఫోనుల్లో ఇది కొన్నిట్లో ముందే ఎలిగుంటాది, కొన్నిట్లో ఉండదు. ఊరు దాటొచ్చినాక మనమే ఎలిగియ్యల్ల" అని ఏలితో పక్కకు నెట్టినాడు. నీలం రంగయింది. ఒకసారి ఇమానం గుర్తు నొక్కి, మళ్ళా తీసేసినాడు. అంతే. ఒక్క నొక్కుడు.

ట్యాబు టింగు టింగు మని మోగేకి మొదలుపెట్టింది. నాలుగు దినాల కబుర్లు ఒకేసారి వచ్చి పడతాండాయి. శాంతమ్మకు ఇనపడలే గాని సేతిలో అదురు తెలిసింది. నా దిక్కు సూసింది. నేను ఏమీ సెప్పలే. సెప్పినా నమ్మదు గదా. మద్దయ్యే వనజ పేరు నొక్కి, ట్యాబును నూనె డబ్బాకు ఆనించి దాని ముందర నిలబెట్టినాడు.

వనజ వచ్చింది. ఆస్పత్రి మంచం మీద, ఎడమ సేతికి సూది, ప్లాస్టర్లు. శాంతమ్మ కదలకుండా సూసింది. ఫోటోనేమో అని దాని అనుమానం. మెల్లగా సెయ్యెత్తి తన ఎడమ సెవి పట్టుకుంది. వనజ సిన్నపిల్లప్పుడు ఆడుకునే ఆట అది, అమ్మ ఏది చేస్తే కూతురు అది చేయల్ల. తెరలో వనజ కుడిసేత్తో ఎడమ సెవి పట్టుకుంది. శాంతమ్మ గెడ్డం తాకింది. వనజ గెడ్డం తాకింది. శాంతమ్మ ముక్కుపుడక సూపించింది, అంటే వనజ, నువ్వేనా అని. పిల్ల ఏడుస్తా తన ముక్కుపుడక తాకింది.

ఇంక సూడు, ఆ సేతులు. అడిగేది, సెప్పేది, ఆపకుండా. సూది ఉన్న సెయ్యి కూడా వనజ ఎత్తబోతే శాంతమ్మ కసిరింది, దించు అని. బిడ్డ ఇంతుంది, పాలు తాగుతాంది అని సూపించింది పిల్ల. వచ్చిపడిన కబుర్లలో బిడ్డ వీడియో ఉంటే మద్దయ్య అది కూడా తెరిసినాడు. అద్దాల పెట్టెలో రేగ్గాయంత పిడికిలి, మూస్తాంది, తెరుస్తాంది. శాంతమ్మ దాన్నే సూసి తన పిడికిలి రెండుసార్లు మూసి తెరిసింది. బిడ్డకు పేరు పెట్టేసింది. మళ్ళా వనజ వచ్చినాక సంకలో బొంత తీసి తెర ముందర పరిచి సూపించింది.

నేను బంకు మెట్టు మీద కూర్చొని ఏడ్చినా. ఎందుకంటే సంతోషమే. మద్దయ్యను అన్న మాటలకు సిగ్గు కూడా.

"తప్పుగా అనుకోవద్దప్పా, నా నోరు అంతే" అన్నా.

"ఏముందిలే అక్కా, మీరు నాలుగు మాటలన్నారు, ఆ సెల్లు అంగడోళ్ళు ఏమీ అడగకనే పంపించినారు. అడిగింటే ఎమ్మిగనూరులోనే అయిపోయేది" అన్నాడు.

నా సంచిలో జొన్నరొట్టెలు, శెనిగిత్తనాల పొడి ఉంటే ఆయన ముందర పెట్టినా. ఆయన రెండు రొట్టెలు తీసుకొని, మిగతావి శాంతమ్మ దిక్కు తోసినాడు. నాలుగు దినాల మీద అది తినింది. తింటా తింటా ఆయనకు కూడా పేరు పెట్టింది, ముక్కు మీద అద్దాలు ఎగదోసినట్లు. ఆయన నగినాడు. మా వీధిలో ఇప్పుడు ఫోను సెడిపోయిందంటే శాంతమ్మ ఆ గుర్తే సూపిస్తాది, ఆదోనికి పో అని. ఆయన సల్లగుండల్ల. అడిగే మనిషి దొరికేది అదృష్టం.

ఇంటికి వచ్చేసరికి పొద్దు దిగుతాంది. నేను కాళ్ళు కడుక్కొని అరుగు మీద కూర్చున్నా. శాంతమ్మ లోపలికి పోయి కొబ్బరినూనె సీసా తెచ్చింది. నా ముందర నిలబడి, వనజ గుర్తు, బిడ్డ గుర్తు సూపించి, నా పేరు సూపించింది, ఆ సూపుడేలు. తర్వాత నాలిక మీద ఏలు పెట్టింది. ఇదిలించలే. ఆ ఏలిని తన ఎదకు ఆనించుకుంది. నువ్వు సెప్పింది నిజమే అని.

సీసా నా సేతిలో పెట్టి, నా కింది మెట్టు మీద కూర్చొని, ముడి ఇప్పింది. నా సెయ్యి పట్టుకొని తన నెత్తి మీద పెట్టుకుంది. దాని పాపిట్లో తెల్లెంటికలు వచ్చినాయి, నేను ఇన్నాళ్ళూ సూడలే. నూనె పోసి రుద్దినా. జడేసేదాకా అది లేయలే.