హెడ్లీ గారి సిల్లీ టీ

"నా వాక్యంలో వేలు పెట్టడానికి నువ్వెవరివి?"

"ఎడిటర్‌ని. ఇరవై రెండేళ్ళుగా."

"అది చర్చి కరపత్రం మ్యూరియల్, రాజపత్రం కాదు!"

"కరపత్రమైనా తప్పు తప్పే. 'ఊరేగింపు ఆలస్యమై టీ సిల్లీ అయిపోయింది' అని రాశావు. టీ సిల్లీ ఎలా అవుతుందయ్యా? దానికీ నీలాగే మతి పోయిందా? 'చల్లారింది' అని దిద్దాను. థాంక్స్ చెప్పాల్సింది పోయి అరుస్తున్నావు."

"చల్లారలేదు! చల్లారిన టీ వేరు, సిల్లీ అయిన టీ వేరు!"

చర్చి హాల్లో కుర్చీలు మడిచి పెడుతున్న నేను పని ఆపేశాను. ఇలాంటి గొడవ రోజూ దొరకదు. అరుస్తున్నాయన హెడ్లీ ఓగ్డెన్, డెబ్భై తొమ్మిదేళ్ళ రిటైర్డ్ బస్సు డ్రైవరు. అరిపిస్తున్నావిడ మ్యూరియల్ థ్రెల్‌ఫాల్, రిటైర్డ్ టీచరు. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ. అప్పటి నుంచే పడదట.

హేక్లిఫ్‌లో హెడ్లీ గారింటి పైగదిలో ఆరేళ్ళుగా అద్దెకుంటున్నాను. చదువుకోడానికి ఇంగ్లండులోని ఈ లాంకషైర్ వచ్చాను. రెండో ఏడాది చదువు మానేశాను. ఊరు మాత్రం మానలేదు. అందుకే నాకు సిల్లీ టీ అంటే ఏంటో తెలుసు. కప్పులో పోసి మాటల్లో పడి మర్చిపోయిన టీ. వేడీ కాదు, చల్లనా కాదు. పైన పల్చటి పొర కడుతుంది. ఇక్కడి బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళు మగ్గం వదిలి రావడం కుదిరేది కాదు. కిటికీ గట్టు మీద పెట్టిన కప్పు వాళ్ళ కోసం అలా కూర్చుని కూర్చుని దిగాలుపడేది. "అయ్యో, సిల్లీ అయిపోయింది" అనేవాళ్ళు. తిట్టు కాదు, జాలి. మనం 'పిచ్చితల్లి' అంటాం చూడండి, అలా.

హెడ్లీ గారికి బస్సు నడిపే రోజుల నుంచీ డిక్షనరీ పిచ్చి. స్టాపులో ప్రయాణికులు ఎక్కుతుంటే ఈయన స్టీరింగు మీద పుస్తకం తెరిచేవాడట. పై అధికారులు రెండుసార్లు మెమో ఇచ్చారు. ఆ మెమోల్లో వాక్యాలు దిద్ది తిరిగి పంపాడు. రోజూ పొద్దున టోస్టు మీద వెన్న రాస్తూ సిల్లీ చరిత్ర చెప్తాడు.

"వెయ్యేళ్ళ కిందట ఆ మాటకి దేవుడి చల్లని చూపు పడ్డవాడని అర్థం, అబ్బాయ్. పుణ్యాత్ముడు! తర్వాత అమాయకుడన్నారు. తర్వాత పాపం, దిక్కులేనిదన్నారు. గొర్రెపిల్లల్ని అలా అనేవాళ్ళు. తర్వాత బలహీనం. చివరికి బుద్ధిహీనం. స్వర్గంలో మొదలై జారుతూ జారుతూ మ్యూరియల్ నోట్లో పడింది. క్రికెట్లో బ్యాటుకి మూరెడు దూరంలో నిలబడి పళ్ళు రాలగొట్టించుకునే వాడున్నాడే, సిల్లీ పాయింటు, వాడికి కూడా డిక్షనరీలో చోటిచ్చారు. మిల్లులో మా అమ్మ కప్పుకి ఇవ్వరా?"

ఇవ్వలేదు. డిక్షనరీ ఆఫీసుకి ఉత్తరం రాస్తే ఎవరో మర్యాదగల అమ్మాయి జవాబు రాసింది. నోటిమాట చాలదు, అచ్చులో కావాలి. ముగ్గురు వేర్వేరు మనుషులు, ఎవరి రాతలో వాళ్ళు వాడి ఉండాలి. ఆయన రాసినవి లెక్కలోకి రావు.

అసలు బాధ అక్కడుంది. ఊళ్ళో ఆ మాట అనేవాళ్ళు ఎనిమిది మందే మిగిలారు. మొన్న చలికాలంలో ఏడుగురయ్యారు. ఆ అంత్యక్రియల నుంచి వచ్చి హెడ్లీ గారు కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుని, "మేమంతా పోతే, ఆ కప్పుకి ఇంకెవరూ అయ్యో అనరు" అన్నాడు. నేను కెటిల్ పెట్టాను. ఇంకేం చేస్తాను?

మర్నాడే పనిలో దిగాడు. మాంసం కొట్టు గార్త్‌ని పట్టుకుని పేపర్లో వచ్చే అతని ప్రకటనలో "మీ టీ సిల్లీ అయ్యేలోపు సాసేజీలతో ఇంట్లో ఉంటారు" అని వేయించాడు. గార్త్ ఊరికే వెయ్యలేదు. మూడు నెలలు వారం వారం కార్జం కొనాలన్నాడు. ఆ ఇంట్లో కార్జం ఎవరూ ముట్టరు. మూడు నెలలు నేనే తిన్నాను.

రెండోది పిల్లి. "మా పిల్లి తప్పిపోయింది, టీ సిల్లీ అయ్యేంతసేపు కూడా ఇల్లు వదిలేది కాదు" అని భార్య ఎనిడ్ చేత రాయించి, అచ్చేయించి, స్తంభాలకి అంటించాడు. పిల్లి ఎక్కడికీ పోలేదు. ఎదురింటి గోడ మీద, తన ఫొటో కిందే పడుకుంది. ఊరి జనం రోజుకి నాలుగుసార్లు దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చి ఇచ్చారు.

"ఏమయ్యా, ఐదోసారి తెస్తే పిల్లిని వాళ్ళనే ఉంచేసుకోమంటాను, నిన్ను కూడా కలిపి" అంది ఎనిడ్.

స్తంభానికి అంటించింది ప్రచురణ కాదని ఆఫీసమ్మాయి రాసింది. అది పోగా, గార్త్ ప్రకటన ఒక్కటే మిగిలింది. ఆ తర్వాతే చర్చి కరపత్రం మీద యుద్ధం. తన రాత చెల్లదని తెలుసు. అయినా, ముందు ఊరి కాగితంలో ఆ మాట కనబడితే ఇంకెవరైనా వాడతారని ఆశ.

గొడవైన మూడోరోజు, నన్ను వెంటేసుకుని, అల్లం కేకు పట్టుకుని మ్యూరియల్ ఇంటికి వెళ్ళాడు. రాజీకి కాదు, రెండో విడతకి. ఆవిడ టీ పోసింది. ఇద్దరూ గంటసేపు అరుచుకున్నారు. కేకు నేను తిన్నాను.

"డిక్షనరీలో లేని అర్థం నా కరపత్రంలో ఉండదు!"

"కరపత్రంలో లేనిది డిక్షనరీలోకి ఎలా వస్తుంది?"

"అది వాళ్ళ ఖర్మ! నీతో వాదిస్తూ కూర్చుంటే, ఇదిగో, నా టీ కూడా సిల్లీ..."

ఆగిపోయింది. కప్పులోకి వంగి చూసింది. హెడ్లీ గారు నవ్వలేదు. నేనాయన్ని అప్పుడే మొదటిసారి గౌరవించాను.

"మా అమ్మ అనేది," అంది కప్పు కింద పెట్టి. "బళ్ళో నేనూ ఆ మాట అన్నందుకు స్కేలుతో కొట్టారు. నలభై ఏళ్ళు టీచరుగా నేనూ పిల్లల నోట్లోంచి ఆ మాట ఏరి పారేశాను, హెడ్లీ. నాకే జ్ఞాపకం లేనంత శుభ్రంగా."

ఆదివారం కరపత్రంలో ఆవిడ సంపాదకీయం వచ్చింది. పైకప్పు మరమ్మతు గురించి. మధ్యలో, "సంఘం సమావేశం ఎంతసేపు సాగిందంటే అందరి టీ సిల్లీ అయింది." కింద ఆవిడ సంతకం.

రెండైపోయాయి. మూడోదే దొరకలేదు. మిగతావాళ్ళలో ఒకాయనకి చూపు లేదు, ఒకావిడ కూతురింటికి వెళ్ళిపోయింది, ఇంకొకాయన హెడ్లీ గారితో పదేళ్ళుగా మాట్లాడడు. నిన్న సాయంత్రం హెడ్లీ గారు మెట్ల మీద నన్ను ఆపాడు.

"అబ్బాయ్, నువ్వు మీ భాషలో ఏదో పత్రికకి రాస్తావు కదా? అది అచ్చే కదా?"

"అచ్చే. కానీ ఇంగ్లీషు కాదు."

"పర్లేదు, ఆ అమ్మాయితో నేను మాట్లాడతాను. ఈసారి అందులో టీ సిల్లీ అయిందని ఒక్క వాక్యం రాయి. కానీ అర్థం విప్పి చెప్పకు, నా పేరెత్తకు, ఎవరో అడిగారని అసలు తెలియనివ్వకు. మామూలుగా, ఏదో మాటల్లో వచ్చినట్టు రాయి, ఏం?"