చుట్ట వాసనకే చేపిన ఆవు

ఆ రోజుల్లో డుంబ్రిగుడ కొండల్లో మంచేదో పొగేదో తెలిసేది కాదు. తెల్లారేసరికి లోయంతా పాలు పొంగినట్టుండేది. ఆ తెలుపులోకి మా అత్త చుట్ట పొగ నెమ్మదిగా కలిసిపోయేది. ఆవు పాలు దూడవని మా పెద్దలు పితికేవారే కాదు. (దాన్ని అజ్ఞానం అన్నారు కిందనుంచి వచ్చిన పెద్దమనుషులు. దూడ పాలు దూడకి వదలడం అజ్ఞానమా? ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.) దూడ గడ్డికి మళ్ళి పాలు మానేశాక, మా ఊళ్ళో మొదట పితికింది అత్తే. అడ్డచుట్ట, అంటే నిప్పు నోటి లోపల, చల్లని కొస బయట పెట్టుకుని, వేళ్ళు ఆ పాలల్లోనే తడుపుకుంటూ పితికేది.

నేను కొత్తల్లుణ్ణి. బడి మొహం ఎరగను. సంతలో బెల్లం చుట్టిన కాగితాలే నా చదువు. అలాంటి కాగితమొకటి చెప్పింది: చేతులు సబ్బుతో కడగాలి, పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడవాలి, పితికేవాళ్ళు పొగ తాగరాదు, లేకుంటే పొదుగువాపు. వెంటనే ఇంట్లో చట్టం చేసేశాను.

"సబ్బెట్టి కడుగుతాను గానీ సుట్ట మాననయ్యా" అంది అత్త.

"పాలల్లో బూడిద పడుతుందత్తా!"

"నిప్పు నా నోట్లో ఉంటే బూడిదెలా పడతాది? పడితే నీ సదువే పడాల!"

నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను అన్నం మానేసి అలిగాను. అత్త చుట్ట ఆర్పేసింది.

ఆవు చేపలేదు. గంగడోలు దువ్వినా, బతిమాలినా చుక్క దించలేదు. మర్నాటికి పొదుగు రాయిలా బిగిసి, వేడెక్కింది. ఏ వాపు రాకూడదని చట్టం చేశానో అదే వచ్చేలా ఉంది.

"సన్ను సచ్చిపోతే మరి రాదయ్యా" అని అత్త కళ్ళొత్తుకుంది.

"దానికి పొగే అమ్మ జాడ. అమ్మ సేతులు కడుక్కుని పితుకుద్ది, సుట్ట నువ్వెలిగించు. బేగి!" అంది నా భార్య.

ఆవు తల దగ్గర నిలబడి, నిప్పు కొస నోట్లో పెట్టుకున్నాను. (కాగితం పితికేవాళ్ళనే తాగొద్దంది, ఊదేవాళ్ళ మాట ఎత్తలేదు.) కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే మంచులోకి పొగ వదిలాను. ఆవు నన్ను వాసన చూసింది, కళ్ళు మూసుకుంది. కిందనుంచి జుయ్ జుయ్ మని ధార వినిపించింది. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూసింది అత్త, పాలల్లో విరుగు ముక్కల్లేవు. పొదుగువాపు తప్పింది. నాకే, నాలుక వాచి, మూడుపూటలా గంజి.

"రేపూ బేగి వచ్చీ, అల్లుడా!" అంది అత్త.

ఇప్పుడు అత్త లేదు. నన్ను చుట్ట ముట్టొద్దన్నారు డాక్టర్లు. ఆ ఆవు సంతతికి పొగతో పనే లేదు. నా భార్య చేతులు కడుక్కుని కూర్చుంటే చాలు, చేపేస్తాయి. అయినా మంచు దిగిన పొద్దున వెలిగించని చుట్టొకటి పట్టుకుని ఆవు తల దగ్గరకు వెళతాను.

"మళ్ళీ ఎందుకయ్యా అక్కడ?" అంటుంది నా భార్య.

"చేపాలి కదా" అంటాను. నోట్లో పెట్టుకునే ముందు, వెలిగించని చుట్టే అయినా, నిప్పు కొస ఎటుందో ఒకసారి చూసుకుంటాను.