కనిపించని అతిథి

రాజకుమారి టీచరు నవ్విందంటే అవనిగడ్డ బస్టాండు దాకా వినపడాలి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమనడం ఆవిడ వల్ల కాదు. అలాంటి మనిషి మ్యాట్నీలో కూర్చుని నవ్వితే దాగుతుందా? సాయంత్రానికల్లా చర్చి సంఘమంతా తెలిసిపోయింది. రెండువేల రెండులో మాట ఇది. ఇరవై ఏళ్లుగా సండే స్కూలు చెబుతున్న మనిషి, దేవుడి మీద తీసిన కామెడీ సినిమాకి వెళ్లిందట!

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద జీవానందంగారు అందరి ముందే ఆవిణ్ణి ఆపేశారు.

"దేవుణ్ణి నవ్వులాట చేసే సినిమా విశ్వాసులు చూడొచ్చా అమ్మా? వచ్చే ఆదివారం సంఘం ముందు తప్పయిందని చెప్పండి. లేదంటే పిల్లల క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తాం."

ఆ ఆఖరి మాట ఆవిడ గుండెలో గుచ్చుకుంది. పెళ్లి చేసుకోలేదు. ఆ క్లాసులో చాప మీద కూర్చునే ముప్పైమందే ఆవిడ పిల్లలు. అలాగని చెయ్యని తప్పు ఒప్పుకునే రకమూ కాదు.

"నేను నవ్వింది దేవుణ్ణి చూసి కాదు అన్నయ్యగారూ. ఎవర్ని చూసో గురువారం మా ఇంటికి భోజనానికొస్తే చెబుతాను," అంది.

గురువారం జీవానందంగారు వచ్చేసరికి, చేపలమ్మే కనకరత్నం వాకిట్లో గంప దింపి, లోపల బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటోంది. ఆయన మొహం చిట్లించి, పక్క కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా గోడకి ఒక ఫ్రేము. 'క్రీస్తే ఈ యింటి యజమానుడు, ప్రతి భోజనమునందు కనిపించని అతిథి.' విశ్వాసుల ఇళ్లల్లో మామూలుగా ఉండేదే.

రాజకుమారి అన్నం వడ్డిస్తూ మొదలెట్టింది.

"సినిమాలో ఒక పిసినారి విశ్వాసి ఉన్నాడండీ. వాడి గోడకీ ఇదే ఫ్రేము. 'ప్రభువా, మా ఇంటికి భోజనానికి రా' అని కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థన చేస్తాడు. ప్రభువు నిజంగానే ముసలాయన వేషంలో వచ్చి తలుపు కొడితే, కోడికూర గిన్నె మంచం కిందకి తోసేసి, 'ఇవాళ ఉపవాసమండీ' అంటాడు. మూతికి మసాలా అలాగే ఉంది."

జీవానందంగారు పెదాలు బిగించుకున్నారు.

"సిలువని వెక్కిరించి ఉంటే అప్పుడే లేచొచ్చేదాన్ని, ఆపాటి తెలీదా నాకు? వాణ్ణి చూసి హాల్లో అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వుతుంటేనే ఈ కనకరత్నం గుర్తొచ్చింది. ముందువారం ఎండలో వచ్చి కాసిని మజ్జిగ అడిగితే, గిన్నెకి మూతపెట్టేసి అయిపోయిందన్నాను. ఇరవై ఏళ్లుగా ఆ ఫ్రేము తుడుస్తున్నానండీ. చదివింది మాత్రం ఆ సినిమా హాల్లోనే."

"ఆ రోజు మజ్జిగ గిన్నె నాకు కనపడతానే ఉంది టీచరుగారూ," అంది కనకరత్నం తాపీగా, పులుసు కలుపుకుంటూ.

జీవానందంగారు ఇక ఆపుకోలేకపోయారు. నవ్వేశారు. పొలమారి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రాజకుమారి మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

"నవ్వారుగా. ఆదివారం ఇద్దరం కలిసే చెబుదామా తప్పయిందని?"

ఆయన నీళ్లు తాగి, గోడ మీది ఫ్రేము వైపు చూశారు.

"మా ఇంట్లోనూ ఉందమ్మా అది," అన్నారు. "ఆదివారం పిల్లలకి ఈ కథే చెప్పండి. చాప మీద నాక్కూడా కాస్త చోటు ఉంచండి."