పదో మంచం మీది గాలి

హౌరాలో రైలు దిగేసరికి పొద్దున్న ఆరున్నర. మే నెల. చొక్కా అప్పటికే వీపుకు అతుక్కుంది. నా దగ్గర ఒక ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు, ఒక పనిముట్ల సంచి. సంచిలో స్పానర్లు, రెండు థర్మామీటర్లు, టార్చి, ఒక తెల్లదారం ఉండ. తుపాకీ లేదు. సైన్యంలో చేశానంటే మా ఊళ్ళో అందరూ అడిగే మొదటి మాట, ఎంతమందిని కాల్చావని. నేను రిఫ్రిజిరేషన్ మెకానిక్‌ని, హోదాకు నాయక్‌ని. చల్లగాలి పెట్టడం నా పని. ఆ పనిలోనే ఒక మనిషి పోవడం చూశాను. అడగరు కాబట్టి చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఎనభైల నడిమి సంగతి. కలకత్తాలో ఏ గోడ చూసినా ఎర్రరంగు రాతలు, రోజుకో ఊరేగింపు, పూటకో లోడ్ షెడ్డింగ్. ఉత్తరాన ఒక పెట్రోలు డిపో అంటుకుంది. కాలినవాళ్ళకు పెద్దాసుపత్రిలో చోటు చాలక, రేవు దగ్గర ఒక చిన్న క్యాంపులో పాత బ్యారక్ ఖాళీ చేసి వార్డు చేశారు. ఇటుక గోడలు, రేకుల కప్పు. మధ్యాహ్నం లోపల థర్మామీటరు పెడితే నలభై ఒకటి. పది మంచాలు, పది మంది. పదిహేను రోజుల్లో కమాండర్ తనిఖీకి వస్తాడు. ఆలోగా ఏసీ నడవాలి. నాకిచ్చిన ఆర్డరు అంతే.

అక్కడ మాటలన్నీ హిందీలోనే. తెలుగు చేసి రాస్తున్నాను.

క్యాంపు బాధ్యత ఒక హవల్దార్‌ది. నా రిపోర్టు తీసుకుని ముందు నన్ను కాదు, నా బూట్లు చూశాడు.

"పాలిష్ ఏది?"

"రెండు రోజులు రైల్లో ఉన్నాను."

"రైల్లో బూట్లకు సెలవా?"

ఆ మనిషి గురించి ఇంకేమీ చెప్పక్కర్లేదు. చెడ్డవాడని కూడా అనను. చెడ్డవాడికి కనీసం తాను చేసేది తెలుస్తుంది.

సర్జన్ మేజర్ వేరే రకం. నన్ను వార్డు గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పాడు. "ఈ గదిలో గాలి మారుతూ ఉండాలి. లేకపోతే పుండ్లు చెడతాయి. కానీ ఆ గాలి పుండుకు తగలకూడదు. తగిలితే పచ్చిమాంసం ఎండిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, నేను అతికించిన చర్మం ఊడిపోతుంది. అర్థమైందా?"

"అయింది సాబ్."

"మనిషి పోతాడు," అన్నాడు, నాకు అర్థం కాలేదేమోనని.

ఏసీ మెషిను షాలిమార్ గూడ్స్ యార్డులో వ్యాగన్‌లో ఉంది. మర్నాడు బంద్, ఆ మర్నాడు ఆదివారం. మూడో రోజున ట్రక్కులో తెచ్చి, కింద ఇనుప గొట్టాలు పరిచి దొర్లించుకుంటూ లోపలికి చేర్చాం. మీకోసం ఒక మాట. ఏడున్నర టన్నుల ఏసీ అంటే దాని బరువు కాదు, చల్లబరిచే శక్తి. చూడ్డానికి ఇనుప బీరువా. కింద కంప్రెసర్, మధ్యలో చల్లబడే కాయిల్, పైన గాలి తోసే బ్లోయర్. అక్కణ్ణుంచి రేకుల డక్టు కప్పు కింద వార్డు పొడుగునా పోతుంది. డక్టు పక్కరేకుకు పది గ్రిల్లులు, మంచాల మీదికి వాలుగా గాలి కొట్టేలా. ప్రతి గ్రిల్లు వెనకా డాంపర్ అనే రేకు తలుపు ఉంటుంది. అది తిప్పి గాలి పెంచొచ్చు, తగ్గించొచ్చు. డ్రాయింగు గీసినవాడు పద్ధతైన మనిషి. మంచానికొకటి లెక్కన, సరిగ్గా మంచం నడిమికి ఒక గ్రిల్లు గీశాడు.

మెషిను బిగించి, పైకప్పు మీద నీళ్ళు చల్లబరిచే కూలింగ్ టవర్ పెట్టి, నీళ్ళ గొట్టాలు కలిపి, నడిపించాను. వార్డు చల్లబడింది. పది మందీ అరిచారు, హాయికి కాదు. డాంపర్లన్నీ మూసేశాను. పావుగంటకు కాయిల్ మీద మంచు పేరుకుని కంప్రెసర్ ఆగిపోయింది. బ్లోయర్ తోసే గాలి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఒకచోట తగ్గిస్తే ఇంకోచోట పెరుగుతుంది. గాలి సరిచేయడమంటే ఈ పంపకమే.

గాలి వేగం కొలిచే మీటరు రిపేరుకు పోయింది. ఎప్పుడొస్తుందని అడిగితే హవల్దార్ నవ్వి ఊరుకున్నాడు. గ్రిల్లుకు దారం కట్టి చూశాను. పైన దారం వణకడం కనిపిస్తుంది. మంచం ఎత్తుకు వేలాడదీస్తే కదలదు, కానీ కిందున్న మనిషి ఒళ్ళు ముడుచుకుంటాడు. విసుగొచ్చి తెలుగులో తిట్టుకున్నాను. పదో మంచం మీంచి బొంగురు గొంతు వినిపించింది.

"దాదా, మీది సికాకులమేటి?"

దాదా అంటే అక్కడ అన్న. అతను సిపాయి డ్రైవర్. పేరు పైడిరాజు. ఇరవై మూడేళ్ళుంటాయి. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో మూటలు మోశాడు. ఇతను పుట్టింది, పెరిగింది ఏక్‌బాల్‌పూర్ గల్లీలో. వార్డుకు కూతవేటు దూరం. డిపోలో మంటలంటుకున్న ట్యాంకరును నడుపుకుంటూ అవతలికి తీసుకుపోయాడట. రెండు చేతులూ, రొమ్మూ, మెడా కాలిపోయాయి. పొగ మింగి గొంతు పోయింది. ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం బాగున్నాయి.

"పక్కనే. పాలకొండ," అన్నాను.

"మాయమ్మకి సెప్తే మురిసిపోద్ది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "దారం మోసం సేత్తాది దాదా. నా సెయ్యి సెయ్యదు."

ఆ మాట అనకపోయినా బాగుండేది. వెనకాలే హవల్దార్ నిలబడి ఉన్నాడు. ఏమన్నాడని అడిగితే చెప్పాను. అతని ముఖం వెలిగిపోయింది. సాయంత్రం కట్లు మార్చే వేళకు డ్రైవర్ని తోపుడు బండి మీద పడుకోబెట్టి, విప్పిన చేతులతో ఒక్కో గ్రిల్లు కిందికీ తీసుకెళ్ళమన్నాడు.

"ఇది పని కాదు. మీటరు తెప్పించండి," అన్నాను.

"మీటరు నోరు తెరిచి చెబుతుందా? ఇతను చెబుతాడు." డ్రైవర్ వైపు తిరిగాడు. "అన్నీ సరిచేయించు. ఏ మంచం కావాలంటే ఆ మంచం నీది. నా మాట."

డ్రైవర్ ఒప్పుకున్నాడు. నేను వద్దన్నాను. అతను నన్నే సముదాయించాడు. "పర్వానేదు దాదా. ఇక్కడ పడుకుని సేత్తన్నదేటి?"

మాట్లాడితే దగ్గొస్తుంది కాబట్టి వేళ్ళతో గుర్తులు పెట్టుకున్నాం. పిడికిలి, అంటే ఆ రెండు వేళ్ళూ ముడిస్తే, గాలి లేదు. ఒక వేలు అంటే తగులుతోంది. రెండు వేళ్ళు అంటే మండుతోంది. నేను నిచ్చెన మీద, అతను కింద. నర్సింగ్ అసిస్టెంట్ బండి తోసేవాడు. ప్రతి గ్రిల్లూ రెండు వేళ్ళతోనే మొదలయ్యేది. డాంపర్ తిప్పుతూ పోతే కాసేపటికి ఒక వేలు, ఇంకాసేపటికి పిడికిలి. అప్పుడు స్క్రూ బిగించి, తలుపు ఆగినచోట ఎర్రరంగు చుక్క పెట్టేవాణ్ణి. తర్వాత బండి పక్క గ్రిల్లు కిందికి వెళ్ళేది. మళ్ళీ రెండు వేళ్ళు. పళ్ళ మధ్య తువ్వాలు కొరికి పట్టుకునేవాడు. చర్మం లేని చెయ్యి గాలికి వణకడం నిచ్చెన మీంచి నాకు బాగా కనిపించేది. మిగతా తొమ్మిది మందీ తమ గ్రిల్లు ఎప్పుడు సరవుతుందా అని చూస్తూ పడుకున్నారు.

రెండు సాయంత్రాలు పట్టింది. తొమ్మిది గ్రిల్లులు కుదిరాయి. నాలుగో మంచం దగ్గర గోడ కాస్త ముందుకు పొడుచుకొచ్చింది. అక్కడ దీపం పెట్టినా మంట కదలదు.

"నాలుగోది నాది," అన్నాడు డ్రైవర్, తువ్వాలు తీసి.

మిగిలిన గాలంతా పదో గ్రిల్లులోకి పోయింది. అక్కడ కట్టిన దారం వేలాడలేదు, అడ్డంగా నిలబడింది.

హవల్దార్‌కు చెప్పాను. పదో మంచం ఖాళీగా ఉంచాలి. లేదా డక్టుకు మెషిను దగ్గరే ఒక కన్నం కోస్తే ఎక్కువ గాలి అటు తిరిగిపోతుంది. లేదా బ్లోయర్‌కు వేరే సైజు పుల్లీ, అంటే బెల్టు తిరిగే చక్రం, వేస్తే గాలే తగ్గుతుంది.

"కొత్త డక్టుకు కన్నమా? తనిఖీ ముందా? పుల్లీకి ఇండెంటు కాగితం పెట్టు, వస్తుంది. పది మంచాలకు పది మంది ఉన్నారు. ఖాళీ ఎక్కడిది?"

"అయితే డ్రైవర్ నాలుగోదానికి మారాలి."

"నాలుగు సుబేదార్ సాబ్‌ది. ఆయన్ను లేపి సిపాయిని పడుకోబెట్టమంటావా?"

సుబేదార్‌కు కాలింది ఒక పాదం. పూరీలు తిని పేకాడేవాడు. పదో మంచం మీద పడుకుంటే దుప్పటి కప్పుకోవలసి వచ్చేది, అంతే. ఆయనతో కూడా చెప్పాను. "హవల్దార్ ఏమంటే అది," అని ముక్క వేశాడు.

మేజర్‌కు చెప్పుకున్నాను. ఆయన పొద్దున్న ఎనిమిదికి వచ్చి పదికి వెళ్ళిపోయేవాడు. సరిగ్గా ఆ రెండు గంటలూ లోడ్ షెడ్డింగ్. జనరేటరు మీద లైట్లే. ఆయన పదో గ్రిల్లు కింద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. "ఏదీ గాలి?" అన్నాడు. కరెంటు వచ్చాక ఉంటుందన్నాను. సరే, పుల్లీ తొందరగా తెప్పించమని కాగితం మీద సంతకం పెట్టి ఇంకో ఆసుపత్రికి పోయాడు. సోమవారం డ్రైవర్ తొడ నుంచి చర్మం తీసి చేతులకు అతికించాడు. చాలా బాగా కుదిరిందన్నాడు.

ఆ సాయంత్రం నేనూ నర్సింగ్ అసిస్టెంటూ కలిసి పదో మంచాన్ని రెండు మూరలు నడవలోకి లాగాం. డ్రైవర్ కట్టులోంచి పిడికిలి చూపించాడు. అంత లావు సమస్యకు పరిష్కారం అంత తేలిగ్గా దొరికినందుకు మాకు నవ్వొచ్చింది. అతను తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయాడు.

పొద్దున్న హవల్దార్ వచ్చాడు. నేల మీద తెల్లరంగుతో ఒక గీత గీయించి ఉంచాడు. మంచాల ముందుకాళ్ళన్నీ ఆ గీత మీద ఉండాలి. ఒక తాడు తెచ్చి మొదటి మంచానికీ పదో మంచానికీ పట్టి ఒక కన్ను మూసి చూశాడు.

"ఇది బయటికొచ్చింది."

"గాలి తగలకుండా జరిపాం."

"వరుస చెడింది. కమాండర్ గుమ్మంలో నిలబడగానే మొదట కనిపించేది ఇదే."

"తనిఖీ అయ్యేదాకానైనా మనిషి బతకాలి కదా."

"నాయక్, నీ పని గాలి. మంచాలు నా పని."

నర్సింగ్ అసిస్టెంట్ నా ముఖం చూడకుండా మంచం వెనక్కి తోశాడు. కాళ్ళు గీత మీదికి వచ్చాయి. నాకా హవల్దార్ని అక్కడే కొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. గ్రిల్లుకు అట్టముక్క అడ్డం పెడితే మధ్యాహ్నానికి పీకించాడు, అసహ్యంగా ఉందని.

గురువారం పదకొండు గంటలకు కమాండర్ వచ్చాడు. బయట నలభై, లోపల ఇరవై నాలుగు. గుమ్మంలో నిలబడి "వాహ్" అన్నాడు. ఒక్కో మంచం దగ్గర ఆగుతూ పదో మంచం దాకా వచ్చాడు. డ్రైవర్ పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏసీ బాగుందా జవాన్? గాలి ఒంటికి ఏమైనా తగులుతోందా?"

కమాండర్ వెనక హవల్దార్. ఆ వెనక నేను.

"నహీ సాబ్," అన్నాడు డ్రైవర్.

నోరు అలా అంది. ఎడమచెయ్యి మాత్రం దుప్పటి మీద రెండు వేళ్ళు లేపి ఉంచింది. అతను లేపాడో, అదే లేచిందో తెలియదు. ఆ వేళ్ళ లెక్క నాకూ నర్సింగ్ అసిస్టెంటుకే తెలుసు. కమాండర్ హవల్దార్ భుజం తట్టి టీకి వెళ్ళిపోయాడు. జీపు గేటు దాటకముందే నేను నిచ్చెనెక్కి పదో గ్రిల్లులో రెండు కంబళ్ళు కుక్కాను. కాసేపటికి మెషిను మంచు పట్టి ఆగింది. ఆగనీ అనుకున్నాను. దానికి నాకు వారం రోజులు అదనపు కాపలా వేశారు. కాయిల్ పాడైతే ఎవరు జవాబుదారీ అని హవల్దార్ అడిగాడు.

అప్పటికే అతికించిన చర్మం అంచుల్లో నల్లబడింది. శుక్రవారం ఊడిపోయింది. తర్వాత చలిజ్వరం. ఆదివారం అతను నాతో అన్న ఆఖరి మాట, "మాయమ్మకి ఈ గాలి సంగతి సెప్పకు దాదా." సోమవారం తెల్లవారుజామున పోయాడు. మంగళవారం పదో మంచం మీద ఎవరూ లేరు. కంబళ్ళు తీసేసి మెషిను మళ్ళీ నడపమన్నారు. ఇప్పుడు గాలి ఎవరికీ తగలడం లేదు. నేను అడిగిన ఖాళీ మంచం అలా వచ్చింది.

బుధవారం అతని తల్లి వచ్చింది, కొడుకు సామాను కోసం. ఊరేగింపు వల్ల ట్రాములు ఆగి ఏక్‌బాల్‌పూర్ నుంచి ఎండలో నడిచొచ్చింది. ఇన్నాళ్ళూ పుండ్లకు మంచిది కాదని ఆమెను లోపలికి రానివ్వలేదు. తలుపు అద్దంలోంచి చూసి పోయేది. ఆరోజే మొదటిసారి వార్డులో అడుగుపెట్టింది. పరుపు చుట్టేసిన పదో మంచం ఇనుప పట్టీల మీద కూర్చుంది. తల ఎత్తింది.

"ఏటి బాబూ, ఇంత సల్లగుంది?"

ఏసీ అని చెప్పాను.

"ఇన్నాళ్ళూ ఆడు ఈ గాలి కిందే తొంగున్నాడా?"

"అవునమ్మా."

"మా ఇంట్లో పంకా ఉన్నా కరెంటు ఉండదు గదా. సిన్నప్పుడు ఉక్కకి ఏడిసీవోడు. తెల్లార్లూ నానే ఇసిరీదాన్ని." చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "కాలిన ఒళ్ళు గదా, ఎంత మండిపోయిందో అనుకున్నాను. పోన్లే, సల్లగా పోనాడు. నువ్వే ఎట్టినావంట గదా బాబూ. మా పాలకొండోడే ఎట్టినాడని సెప్పి పంపినాడు. నీ కడుపు సల్లగుండ."

చెప్పొద్దని అతను అన్నాడు. చెప్పలేదు. ట్రంకు పెట్టె గేటు దాకా మోసి రిక్షా ఎక్కించాను.

జూలైలో నాకు బదిలీ వచ్చింది. పుల్లీ ఆ తర్వాత వచ్చిందట. హౌరాలో మద్రాసు బండి ఎక్కి, పలాసలో దిగి, బస్సులో ఇంటికి వచ్చాను. మా ఆవిడ నీళ్ళు తోడి పెట్టి, కలకత్తాలో యుద్ధమేమీ లేదు కదా, ఇంత చిక్కిపోయావేం అంది.

తర్వాత ఎన్నో ఏసీలు బిగించాను. సినిమా హాలుకు, బ్యాంకుకు, పెళ్ళి మండపానికి. ఏ గదిలోకి వెళ్ళినా ముందు నేల చూస్తాను, తెల్లగీత ఉందేమోనని, తర్వాత గ్రిల్లు చూస్తాను. అప్పుడు పైడిరాజు తల్లి కనిపిస్తుంది. ఖాళీ మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, నా గాలికి ముఖం ఎత్తి పెట్టింది. చెమట ఆరుతోంది. భుజం మీది చెంగు కిందికి వేలాడలేదు. నేను కట్టిన దారంలాగే అడ్డంగా నిలబడి ఉంది.